నేల మీద కూర్చుని తీసిన ఫోటో

మా ఇంట్లో ఒక ఫోటో ఉంది. నలుపు తెలుపుది, దాదాపు పది అంగుళాల చదరం. 1989లో పార్వతీపురంలో మా మామయ్య తన స్టూడియోలో తీశాడు. అందులో ఉన్నావిడ పేరు మాకు తెలియదు. కురుపాం వైపు కొండల నుంచి సంత రోజున మనవడితో కలిసి కిందికి దిగి వచ్చిన సవర తెగ ముసలమ్మ. పింఛను కాగితాలకి ఫోటో కావాలని వచ్చారు.

స్టూడియో అంటే పెద్దదేం కాదు. రోడ్డు మీదికి ఒక గది, దాని వెనక ఇంకో గది, ఆ వెనక మనిషి తిరగడానికి మాత్రమే చోటున్న డార్క్ రూమ్. ముందు గదిలో అద్దం, దువ్వెన, పౌడర్ డబ్బా. వెనక గదిలో తోట, మెట్లు, పూలకుండీలు గీసిన పరదా, దాని ముందు ఎత్తు స్టూలు, రెండు పక్కలా లైట్లు. వచ్చినవాళ్ళు ఎవరైనా ఆ స్టూలు మీదే కూర్చోవాలి. కెమెరా స్టాండు కాళ్ళు ఎక్కడ పెట్టాలో నేల మీద సుద్దతో గుర్తులు కూడా ఉండేవి.

ఆవిడ స్టూలు వైపు చూసి ఎక్కనంది. మనవడు చెయ్యి పట్టుకుని ఎక్కించబోయాడు. ఆ స్టూలు కొంచెం ఊగేది. ఆవిడ చెయ్యి విడిపించుకుని, పరదా ముందు నేల మీద మోకాళ్ళు మడిచి, తన ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుండిపోయింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. వేసవి సెలవుల్లో ట్రేలలో నీళ్ళు మార్చడం, కడిగిన ఫోటోలు తీగ మీద ఆరేయడం నా పని. మామయ్య ఆవిడని బతిమాలతాడని, లేదంటే పక్క కొట్లోంచి కుర్చీ తెప్పిస్తాడని అనుకున్నాను. ఆయన ఆ రెండూ చేయలేదు. లైట్లు కిందికి దించాడు. స్టాండు తీసి గోడకి ఆనించాడు. యాషికా కెమెరా మెడలో వేసుకుని, ఆవిడకి నాలుగైదు అడుగుల దూరంలో తనూ నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

వెంటనే తీయలేదు కూడా. కొండ మీద వానలు పడ్డాయా, ఈ ఏడు జీడి ఎలా కాసింది, ఇక్కడికి రావడానికి ఎంతసేపు పట్టింది అని అడుగుతూ ఉన్నాడు. ఆవిడకి తెలుగు కొద్దిగా వచ్చు. తెలియనిచోట మనవడు సవరలో చెప్పేవాడు. ఆ కెమెరాని కంటికి పెట్టుకోరు. పొట్ట దగ్గర పట్టుకుని, పైనున్న గాజు పలకలోకి తల వంచి చూడాలి. అందువల్ల ఎదుటి మనిషికి ఒక కన్ను మూసుకుని గురిపెడుతున్న మొహం కనిపించదు, తల వంచుకుని కూర్చున్న మనిషి కనిపిస్తాడు. ఎప్పుడు నొక్కాడో నాకూ తెలియలేదు. రోలుకి పన్నెండు ఫోటోలే వచ్చే ఆ రోజుల్లో ఆవిడకోసం రెండు వాడాడు.

ఇప్పుడు ఆ ఫోటోలో ఏముందో చెప్తాను. నుదుటి నడుమ నుంచి కిందికి దిగిన పచ్చబొట్టు గీత. సాగిన చెవి తమ్మెల్లో గుండ్రటి కర్ర బిళ్ళలు. మోకాలి మీద ఒక చెయ్యి, ఆ చేతి వేళ్ళ కణుపులు. వెనక పరదాలో తోటా లేదు, పూలకుండీలూ లేవు. నేల మీద నుంచి తీయడం వల్ల పరదా అడుగు భాగమే వచ్చింది. రంగు పోయిన ఆఖరి మెట్టు, పరదాని బిగించి ఉంచే వెదురు కర్ర, దాని కింద సిమెంటు గచ్చు. అన్నిటికీ మించి ఆవిడ కళ్ళు. అవి ఎత్తుకి చూడటం లేదు, కిందికీ చూడటం లేదు. తనతో మాట్లాడుతున్న మనిషిని చూస్తున్న కళ్ళవి. ఆ మనిషి స్థానంలో ఇప్పుడు మనం ఉన్నాం కాబట్టి మనల్ని చూస్తున్నాయి.

మా మామయ్య ఆ స్టూడియోలో కొన్ని వేల మొహాలు తీసి ఉంటాడు. 2006లో స్టూడియో మూసేశాక పెట్టెలన్నీ మా ఇంటికి వచ్చాయి. ఒక్కొక్కటీ చూశాను. చక్కగా, శుభ్రంగా, వెలుగు సరిగ్గా పడి ఉన్న ఫోటోలు ఎన్నో ఉన్నాయి. ఈ ఒక్కటి మాత్రం వాటన్నిటి మధ్య నుంచి లేచి వచ్చింది. లైట్లు అవే, కెమెరా అదే, తీసిన చెయ్యీ అదే. మారింది ఆయన ఉన్న చోటు ఒక్కటే.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒక ఫోటో మనల్ని ఆపి నిలబెట్టిందంటే, అందులో మొట్టమొదట చూడాల్సింది తీసినవాళ్ళు ఎక్కడ ఉన్నారన్నది. వెలుగు, రంగు, లెన్సు అన్నీ తరవాత వస్తాయి. స్నేహితులు నచ్చిన ఫోటోలు పంపి "ఎంత బాగుందో చూడు" అంటారు. నేను చూసి, "ఇది తీసిన మనిషి ఎక్కడున్నాడు? ఆ చోటు అతనికి ఎవరిచ్చారు?" అని అడుగుతాను. చాలామందికి ఇది వింత ప్రశ్నలా అనిపిస్తుంది. నాకు మాత్రం ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న కనపడదు.

ఇందులో కొంత కొలిచి చూడగలిగిన విషయమే. మొహం ఎలా కనబడుతుందన్నది లెన్సు నిర్ణయిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాన్ని నిర్ణయించేది దూరం. ముక్కు కొసకీ చెవికీ మధ్య 12 సెంటీమీటర్లు ఉంటాయనుకుందాం. ఫోన్‌ని మొహానికి 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే ముక్కు 30లో ఉంటుంది, చెవి 42లో ఉంటుంది. అంటే చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దదై వస్తుంది. సెల్ఫీల్లో ముక్కులు ఉబ్బి, చెవులు వెనక్కి పోయి కనిపించేది అందుకే. మీటరున్నర వెనక్కి వెళ్తే ముక్కు 150లో, చెవి 162లో. తేడా 8 శాతానికి పడిపోతుంది, మనిషి మనిషిలా కనిపిస్తాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు మనకి అలవాటైన దూరం ఇంచుమించు ఇదే. నిలబడ్డచోటే నిలబడి జూమ్ చేస్తే మొహం పెద్దదవుతుంది కానీ దాని తీరు మారదు, ముందున్న వస్తువుకీ వెనకున్న వస్తువుకీ ఉన్న సంబంధమూ మారదు. అది మారాలంటే అడుగు వేయాల్సిందే. నమ్మకం లేకపోతే ఇంట్లోవాళ్ళని కిటికీ ముందు కూర్చోబెట్టి, దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి జూమ్ చేసి ఒకటి, మొహం ఒకే సైజులో వచ్చేట్టు తీసి చూడండి. రెండో దాంట్లో కిటికీ దగ్గరికి జరిగి వచ్చి భుజం మీద కూర్చున్నట్టుంటుంది.

అంటే కెమెరాలో కాళ్ళు చేసే పని వేళ్ళు చేయలేవు.

గాంధీ చరఖా ఫోటో అందరం చూసిందే. 1946లో పుణెలో మార్గరెట్ బర్క్-వైట్ తీసింది. ముందు పెద్దగా రాట్నం, దాని వెనక కింద కూర్చుని కాగితాలు చదువుకుంటున్న గాంధీ, పై నుంచి కిటికీ వెలుగు. ఈ ఫోటో గురించి ఎక్కడ చదివినా మూడు ఫ్లాష్ బల్బుల కథే చెప్తారు. మూడే బల్బులకి అనుమతి దొరికింది, మొదటి రెండూ వృథా అయ్యాయి, మూడో దాంతో ఈ ఫోటో వచ్చింది. అది నిజమే, ఆవిడే చెప్పుకుంది. నాకు దానికన్నా ముందు జరిగింది ముఖ్యం అనిపిస్తుంది. రాట్నం తిప్పడం నేర్చుకుంటే తప్ప ఫోటో తీయనివ్వమని గాంధీ దగ్గరివాళ్ళు పట్టుబట్టారు. అమెరికా నుంచి వచ్చిన పేరున్న ఫోటోగ్రాఫర్ కింద కూర్చుని నూలు వడకడం నేర్చుకుంది. దారం తెగుతుంటే మళ్ళీ అతికించుకుంది. అలా నేర్చుకున్నాకే కెమెరా తీసింది. ఆ ఫోటోని మళ్ళీ చూడండి. కెమెరా దాదాపు ఆయన కూర్చున్న ఎత్తులోనే ఉంది. రాట్నం ఆయనకన్నా మనకి దగ్గరగా, ఆయనకన్నా పెద్దగా ఉంది. గుమ్మం దగ్గర నిలబడి తీసి ఉంటే రాట్నం ఒక సామానులా, గాంధీ ఒక ముసలాయనలా కనిపించేవారు. రాట్నం ముందు కూర్చున్న మనిషికే రాట్నం అంత పెద్దగా కనబడుతుంది. ఆవిడ నేర్చుకున్న పాఠం ఫోటోలో కనబడుతోందని నా నమ్మకం.

హోమాయ్ వ్యారావాలా వాడిన కెమెరాల్లో రోలీఫ్లెక్స్ ఒకటి. మా మామయ్య యాషికా కూడా ఆ జాతిదే, తల వంచి చూసేది. ఆవిడ 1913లో పుట్టింది, 2012లో పోయింది. పత్రికా ఫోటోగ్రఫీని వృత్తిగా చేసుకున్న మొదటి భారతీయ మహిళగా చెప్తారు. చీర కట్టుకుని ఢిల్లీలో మగ ఫోటోగ్రాఫర్ల మధ్య దశాబ్దాలు పనిచేసింది, 1970లో కెమెరా పక్కన పెట్టేసింది. ఆవిడ తీసిన నెహ్రూ ఫోటోల్లో నాకు బాగా నచ్చేది, విమానంలో నోట్లో సిగరెట్ పెట్టుకుని పక్కనున్న బ్రిటిష్ డిప్యూటీ హైకమిషనర్ భార్య సిగరెట్ వెలిగిస్తున్నది. అంత దగ్గరగా, అంత మామూలుగా ఉండనిచ్చారంటే అక్కడ ఆవిడ ఉనికి వాళ్ళకి బరువు కాలేదన్నమాట. కానీ ఆవిడ జీవితంలో పెద్ద బాధ తీయలేకపోయిన ఫోటో గురించే. 1948 జనవరి 30న గాంధీ ప్రార్థన సభకి బయలుదేరబోయి, భర్త వద్దనడంతో ఆగిపోయింది. ఎంత నేర్పు ఉన్నా ఆ సాయంత్రం ఆ చోట లేకపోయాక ఇంకేముంది.

చాలా ఏళ్ళు నేను దీన్ని ఒక సూత్రంలా పట్టుకున్నాను. ఎదుటి మనిషి కళ్ళ ఎత్తులో ఉండాలి, అంతే అనుకునేదాన్ని. కూర్చున్నవాళ్ళని కూర్చుని, నిలబడ్డవాళ్ళని నిలబడి, పిల్లల్ని మోకాళ్ళ మీద వంగి తీయాలి. ఇది మంచి అలవాటే, ఇప్పటికీ పాటిస్తాను. కానీ ఒక ఫోటో ఆ సూత్రాన్ని పగలగొట్టింది.

భోపాల్ పసిబిడ్డ ఫోటో. 1984 డిసెంబరు 2 రాత్రి గ్యాస్ లీకయ్యాక పూడ్చిపెట్టిన పిల్లల్లో ఒకరు. రఘు రాయ్ నలుపు తెలుపులో తీశాడు, పాబ్లో బార్తొలోమ్యూ రంగుల్లో తీశాడు. ఇద్దరూ ఇంచుమించు ఒకే చోటి నుంచి తీశారు. పాబ్లో తీసినదానికి ఆ ఏడాది వరల్డ్ ప్రెస్ ఫోటో బహుమతి వచ్చింది. బిడ్డ మెడ దాకా మట్టిలో ఉంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, కానీ చూపు లేదు. ఒక పెద్దమనిషి చెయ్యి బిడ్డ తల దగ్గర మట్టి మీద ఉంది. ఆ చేతిలో తోసేయడం లేదు, నిమరడం ఉంది. కెమెరా పైనుంచి కిందికి చూస్తోంది. నా సూత్రం ప్రకారం ఇది తప్పు కావాలి. పైనుంచి చూడటమంటే తక్కువ చేసి చూడటమని కదా నేను అనుకున్నది.

ఎన్నాళ్ళో ఆలోచించాక నాకు అర్థమైంది. గుంత గట్టు మీద, తల వంచి, కిందికి చూస్తూ ఎవరు నిలబడతారు? అయినవాళ్ళు. పిడికెడు మట్టి వేయడానికి వచ్చినవాళ్ళు. మా నాన్న తమ్ముడి మూడేళ్ళ బిడ్డని పూడ్చినప్పుడు నేను అలాగే నిలబడ్డాను, అక్కడి నుంచి అలాగే కనిపించింది. ఆ ఇద్దరు ఫోటోగ్రాఫర్లూ నిలబడింది ఆ బిడ్డ చుట్టాల చోటులో. ఆ ఫోటో చూసినప్పుడల్లా మనం కూడా ఒక్క క్షణం ఆ గట్టు మీద అయినవాళ్ళమై నిలబడాల్సి వస్తోంది. దాన్నుంచి కళ్ళు తిప్పుకోలేకపోవడానికి కారణం అదేనని నాకనిపిస్తుంది. ఎత్తూ పల్లం లెక్క ఇక్కడ పనిచేయదు. ఆ చోటు ఎవరిది అన్నదే లెక్క.

అప్పటినుంచి ఫోటోల్ని ఇలా చూడటం మొదలుపెట్టాను. ఇక్కడ మామూలుగా ఎవరుంటారు? కబురు చెప్పుకునే పొరుగావిడా, అన్నం పెడుతున్న అమ్మా, పక్క చాలులో నాటు వేస్తున్న కూలీయా, లేక పై నుంచి వచ్చిన ఇనస్పెక్టరా?

ఈ చివరి ప్రశ్నకి జవాబు చెప్పే ఫోటోలు మన కరువు సీమలోనే పుట్టాయి. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని తినేసిన కరువు. మనవాళ్ళు ధాత కరువు అన్నది దాన్నే. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. బళ్ళారి, కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ కరువు ఫోటోలు తీసింది మద్రాసు సైన్యంలోని ఆఫీసరు విలోబీ వాలెస్ హూపర్. పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా ఉన్న మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీశాడు. పూర్తి మనిషి ఫ్రేములో పట్టేంత దూరం. అందరూ సర్ది కూర్చోబెట్టినట్టే ఉంటారు. ఫోటోలు సాంకేతికంగా బాగుంటాయి, ప్రతి ఎముకా స్పష్టంగా కనిపిస్తుంది. అవి ఇంగ్లండు దాకా వెళ్ళాయి. కరువు ఎంత ఘోరమో ప్రపంచానికి చూపించాయని ఆయన్ని సమర్థించేవాళ్ళు ఉన్నారు, ఆ మాటని నేను కొట్టిపారేయలేను. ఆ ఫోటోలు లేకపోతే ఆ ముఖాలే మనకి మిగిలేవి కావు. కానీ ఆయన ఉన్న చోట ఆ మనుషుల తాలూకు వాళ్ళెవరూ ఎన్నడూ నిలబడి ఉండరు. అది లెక్క రాసుకునే ఆఫీసరు చోటు. అందుకే అవి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది కానీ అందులో ఒక్క మనిషి కూడా మనకి పరిచయం కాడు. అదే హూపర్ 1886లో బర్మాలో, మాండలేలో, మరణశిక్షలు ఫోటో తీశాడు. కెమెరా సిద్ధమయ్యేదాకా కాల్పుల ఆజ్ఞ ఆపించాడని ఆరోపణ వచ్చింది, విచారణ జరిగింది, బ్రిటిష్ పార్లమెంటు దాకా గొడవ వెళ్ళింది. నాకు అది ఆశ్చర్యం కలిగించలేదు. కరువు ఫోటోల్లో నిలబడ్డ చోటే అక్కడా ఉంది.

అదే కాలంలో హైదరాబాదులో ఇంకో రకం సంగతి జరిగింది. లాలా దీన్‌దయాళ్ పేరు వినే ఉంటారు. మీరట్ దగ్గర సర్దానాలో 1844లో పుట్టాడు, రూర్కీలో ఇంజనీరింగ్ చదివాడు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. నిజాం ఆయనకి రాజా బిరుదు ఇచ్చాడు. ఇంతటివాడు కూడా తీయలేని ఫోటోలు ఆ ఊళ్ళో ఉన్నాయి. పరదా పాటించే స్త్రీలు ఆయన ముందుకి రారు. కెమెరా, గాజు పలకలు, డబ్బు, దర్బారు పలుకుబడి, ఏదీ అక్కడ పనికిరాలేదు. అప్పుడు 1892లో జనానా స్టూడియో అని విడిగా పెట్టించాడు. దాని చుట్టూ ఎత్తు గోడలు. దాని బాధ్యత కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకి అప్పగించాడు. తనకి లేని చోటు తనది కాదని ఒప్పుకుని పక్కకి తప్పుకున్నాడు. దీన్‌దయాళ్ చేసిన పనులన్నిటిలో, చార్మినారు, రాజభవనాలు, నిజాం వేట ఫోటోల కన్నా, నాకు ఈ తప్పుకోవడమే గొప్పగా కనిపిస్తుంది.

ఇప్పటి మన పెళ్ళిళ్ళలో ఈ తప్పుకోవడం పూర్తిగా పోయింది. జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తానికి మండపం ముందు ముగ్గురు ఫోటోగ్రాఫర్లు, ఇద్దరు వీడియోవాళ్ళు, పైన ఒక డ్రోను. ముందు వరసలో కూర్చున్న మేనత్తలకీ తాతలకీ కనిపించేది వాళ్ళ వీపులే. నెల్లాళ్ళ తరవాత ఆల్బమ్ వస్తుంది, చేతికి ఎత్తలేనంత బరువు ఉంటుంది. అందులో ప్రతిదీ మెరుస్తూ ఉంటుంది, ఒక్కటీ మనసులో నిలవదు. ఆ ఫోటోగ్రాఫర్ల తప్పని నేననను. వాళ్ళకి పని తెలుసు, ఎండలో రాత్రిలో నిలబడి కష్టపడతారు. కానీ వాళ్ళు నిలబడే చోటు ఆ పెళ్ళిలో ఎవరిదీ కాదు. వధూవరులకి మూడడుగుల దూరంలో, ఎదురుగా, పెళ్ళి జరుగుతుంటే నిలబడే చుట్టం ఎవరూ ఉండరు. మా చెల్లి పెళ్ళి ఆల్బమ్‌లో మా అమ్మ దాచుకున్నది ఒకే ఒక్క ఫోటో, అదీ ఆల్బమ్‌లోది కాదు. మా పిన్ని కొడుకు ఫోన్‌తో తీసింది. వాడు కన్యాదానం చేస్తున్న మా నాన్న వెనక, కొబ్బరిబోండాం అందించడానికి కూర్చున్నాడు. మా నాన్న మెడ, జంధ్యం, తడిసిన చెవి వెనక భాగం, ఆయన భుజం మీదుగా చెల్లి మొహంలో సగం. ఫోకస్ కూడా సరిగ్గా లేదు. కానీ ఆ చోటు ఆ ఇంటి పిల్లవాడిది.

దీన్ని నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఏడెనిమిదేళ్ళ కిందట ఒక పొడుగాటి లెన్సు కొనుక్కుని భీమిలి వెళ్ళాను. పొద్దున్నే ఇసుకలో చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు. నేను దూరంగా, ఎండిపోయిన పడవ చాటున నిలబడి తీస్తున్నాను. వాళ్ళకి తెలియకుండా తీస్తే సహజంగా వస్తాయని పుస్తకాల్లో చదివాను. తెరమీద చూసుకుంటే అద్భుతంగా ఉన్నాయి కూడా. ఒకావిడ నన్ను చూసింది. చేతిలో గంప కింద పెట్టి తిన్నగా నా దగ్గరికి నడిచి వచ్చింది.

"ఏటమ్మా, అంత దూరం నుంచి దొంగచాటుగా తీస్తన్నావు? మేం ఏటి తప్పు చేస్తన్నాం?"

నా దగ్గర జవాబు లేదు. తీసినవి చూపించాను. ఆవిడ చూసి, "ఇందులో మా మొకాలు ఏవి? నడ్డి వంచుకున్నట్టు, ఒంటి మీద గుడ్డ జారినట్టు ఉన్నాయి. చేపలు మాకన్నా బాగున్నాయి," అంది. కోపంగా అనలేదు, ఉన్నది చెప్పింది. చూస్తే నిజమే. దూరపు లెన్సు అందర్నీ ఒకరి మీద ఒకరిని అదిమేసి ఒక నమూనాలా చేసింది. అందంగా ఉంది, మనిషి లేదు. అవన్నీ అక్కడే ఆవిడ ముందే చెరిపేశాను. ఆ రోజు ఇంక ఫోటోలు తీయలేదు. వాళ్ళ పక్కన కూర్చుని కవ్వళ్ళు, నెత్తళ్ళు వేరు చేయడం చూశాను, కొంతసేపు చేశాను కూడా. రెండో వారం మళ్ళీ వెళ్ళినప్పుడు ఆవిడే, "ఇయ్యాల తియ్యవేటి?" అని అడిగింది. ఆ రోజు తీసినవి పెద్ద గొప్పగా ఏమీ రాలేదు. కానీ అందులో ఒకదానిలో ఆవిడ చేప విసురుతూ నావైపు చూసి ఏదో అంటోంది, నోరు సగం తెరిచి ఉంది. ఏమందో నాకు గుర్తుంది. ప్రింటు వేయించి ఇచ్చాను.

తెలియకుండా తీయడమే తప్పని నేను అనడం లేదు. వీధి ఫోటోగ్రఫీలో గొప్ప పని చేసినవాళ్ళు ఉన్నారు. వీధిలో నడిచేవాడికి వీధిలో చోటు ఉంది, ఎదురుపడ్డవాళ్ళని చూసే హక్కు ఉంది. నేను పడవ చాటున నిలబడ్డాను, ఆ తేడా చెప్తున్నాను.

ఎవరూ నిలబడని చోట తీసిన గొప్ప ఫోటోలు లేవా అని ఒక స్నేహితురాలు అడిగింది. చంద్రుడి అంచు మీదుగా భూమి పైకి వస్తున్న ఫోటో చూపించింది. 1968 డిసెంబరు 24న అపోలో 8 నుంచి విలియమ్ ఆండర్స్ తీసింది. హాసెల్‌బ్లాడ్ కెమెరా, 250 మిల్లీమీటర్ల లెన్సు, రంగుల ఫిల్ము. ఆయనకి నిజానికి చంద్రుడి అంచు నిలువుగా, భూమి పక్కన ఉన్నట్టు కనిపించింది. మనమే దాన్ని తిప్పి, నేల కింద ఉండేట్టు పెట్టుకుని చూస్తాం. నాకు ఈ తిప్పుకోవడంలోనే జవాబు దొరికింది. మనకి కాళ్ళ కింద నేల కావాలి. అలా తిప్పుకున్నాక ఆ చోటు మనకి బాగా తెలిసిన చోటే. ఊరు విడిచి వెళ్ళేవాడు చెరువు గట్టు ఎక్కి, ఒక్కసారి ఆగి, వెనక్కి తిరిగి చూసుకునే చోటు. అక్కడి నుంచి ఊరు ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది.

మన దగ్గర ఇలా అయినవాళ్ళ చోటు నుంచి ఫోటోలు తీసే పని జీవితాంతం చేసినవాళ్ళలో వరంగల్లు భరత్ భూషణ్‌ని నేను ముందు తలుచుకుంటాను. 2022లో పోయాడు. బతుకమ్మలు, పల్లె ఇళ్ళ గోడలు, పాత తలుపులు, పనిలో ఉన్న ఆడవాళ్ళు. తెలంగాణ పల్లెల్ని ఆయన పండగ వార్తల కోసం వెళ్ళి తీయలేదు, ఏళ్ళ తరబడి అదే పనిగా తిరిగి తీశాడు. బతుకమ్మ ఫోటోలు ఇప్పుడు ప్రతి ఏడూ డ్రోన్ల నుంచి కూడా వస్తాయి, పై నుంచి రంగుల చక్రాల్లా చూడముచ్చటగా ఉంటాయి. ఆయనవి చూస్తే మాత్రం ఆ వలయంలోంచి చప్పట్లు వినిపిస్తాయి. ఆ గుమ్మం ముందు ఆయన్ని ఎవరో కూర్చోమని మంచినీళ్ళు ఇచ్చి ఉంటారని అనిపిస్తుంది. అలా అనిపించడానికి ఫోటోలో ఆధారం ఏమిటని అడిగితే, మళ్ళీ అదే చెప్తాను, ఆయన ఉన్న చోటు.

మా మామయ్య నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ కాదు. ఆ రోజు ఎందుకు కింద కూర్చున్నావని నేను తరవాతెప్పుడో అడిగాను. ఆయనకి అది పెద్ద విషయంగా గుర్తే లేదు. "ఆవిడ కింద కూర్చుంటే నేను నిలబడి ఎలా మాట్లాడతానే," అన్నాడు. ఫోటో తీయడం గురించి కాకుండా మాట్లాడటం గురించి చెప్పాడు.

పాస్‌పోర్టు సైజు ఫోటోలు మూడు కడిగి ఇచ్చాడు, పింఛను కాగితాలకి సరిపోయాయి. పోస్టుకార్డు సైజులో ఒకటి డబ్బులు తీసుకోకుండా మనవడి చేతిలో పెట్టాడు. పెద్దది తనకోసం వేసుకున్నాడు. ఆ రాత్రి డార్క్ రూమ్‌లో ఎర్ర బల్బు వెలుగులో నేను ట్రే ఊపుతున్నాను. కాగితం మీద ముందు పచ్చబొట్టు గీత వచ్చింది, తరవాత కళ్ళు.

ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి హైదరాబాదులో మా హాల్లో అందరూ తగిలించినట్టే తలకన్నా ఎత్తుగా తగిలించాను. నాలుగేళ్ళు అలాగే ఉంది. వచ్చినవాళ్ళు చూసి బాగుందనేవారు. నాకేదో వెలితిగా ఉండేది. ఒకరోజు ఇల్లు దులుపుతూ దాన్ని తీసి గోడకి ఆనించి కింద పెట్టాను. చేటలో బియ్యం ఏరుకుంటూ నేనూ అక్కడే నేల మీద కూర్చున్నాను. తల ఎత్తితే ఆవిడ నన్నే చూస్తోంది. పై మేకు పీకేశాను. కింద నుంచి రెండడుగుల ఎత్తులో కొత్త మేకు కొట్టాను. ఇప్పుడు అది అక్కడే ఉంది. నిలబడి చూసేవాళ్ళకి సరిగ్గా కనపడదు, చూడాలనుకున్నవాళ్ళు వంగుతారు, లేకపోతే కూర్చుంటారు. మా పక్కింటి నాలుగేళ్ళ పిల్ల మాత్రం రోజూ వచ్చి దాని ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని, బిస్కెట్ తింటూ, ఆవిడకి స్కూల్లో ఏం జరిగిందో చెప్తూ ఉంటుంది.